టెలిఫోను తీగ ఇంట్లోకి దిగే చోటు



హోసూరుకు దగ్గర్లో మా బంధువుల పల్లె ఒకటి ఉంది. 2007లో ఆ ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. కాలేజీలో చదువుకునే కుర్రవాడు రౌటరు పెట్టెను తన గదిలో, మంచం పక్కనున్న రెండో ఫోను దగ్గర బిగించుకున్నాడు. హాల్లో ఉన్న పాత ఫోను నుంచి ఆ గదిదాకా ఎన్నేళ్ళ క్రితమో లాగిన ప్యారలల్ తీగ ఉండేది. దాని కొసకే కలిపాడు. పెట్టెతోబాటు ఇచ్చిన చిన్న స్ప్లిటరును కూడా బొమ్మలో చూపినట్టే పెట్టాడు, తప్పు పట్టడానికి లేదు. ఇంటర్‌నెట్ వచ్చింది. కాని హాల్లో ఫోను మోగినప్పుడల్లా అది తెగిపోయేది. ఫోను ఎత్తితే చెవిలో చేట మీద ఇసక జల్లించినట్టు గరగర. నెల రోజులు ఫిర్యాదులు చేశారు. వచ్చినవాళ్ళు పెట్టె మార్చారు, పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టరు మార్చారు, గరగర మాత్రం మారలేదు.

చివరికి ఎప్పుడో రిటైరయిన ఒక లైన్‌మన్‌ను బతిమాలి పిలుచుకొచ్చారు. ఆయన గదిలోకి వెళ్ళలేదు, పెట్టె వైపు చూడనుకూడా లేదు. వీధి అరుగు మీద నిలబడి, తల పైకెత్తి, "తీగ ఇంట్లేకి యాడ దిగతా ఉండాది?" అని అడిగాడు.

రౌటరును టెలిఫోను తీగకు ఎక్కడ కలపాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. అయితే ఆ మాట వెనక నూట ముప్పై ఏళ్ళ తీగ చరిత్ర ఉంది. అది తెలిస్తే తప్ప, ఒకే తీగకు ఒకచోట కలిపితే పనిచేసి, పది గజాల అవతల కలిపితే మొండికెయ్యడం ఎందుకో బోధపడదు.

అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు టెలిఫోను మీద పేటెంటు 1876 మార్చిలో వచ్చింది. ఆరేళ్ళు తిరక్కుండానే, 1882 జనవరి 28న, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్‌ఛేంజిలు తెరిచారు. కలకత్తాలో కౌన్సిల్ హౌస్ వీధిలోని ఎక్స్‌ఛేంజికి మొదట 93 మంది చందాదారులు. ఆ తొలిరోజుల తీగ ఇప్పటి తీగ కాదు. ఇంటికొక్క ఇనప తీగ వచ్చేది, రెండో దారిగా భూమినే వాడుకునేవారు, తంతి తీగల పద్ధతిలో. ట్రాము బండ్లు, దీపాల కరెంటు వచ్చాక ఆ చప్పుళ్ళన్నీ ఫోనులోకి దూరసాగాయి. రెండు తీగలు వాడి, వాటిని జడలాగా మెలివేస్తే, బయటి చప్పుడు రెండింటి మీదా సమానంగా పడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుందని బెల్ కనిపెట్టి 1881లో దానికీ పేటెంటు తీసుకున్నాడు. మన ఇంటికి వచ్చే రాగి తీగల జంట ఆ జడ వారసత్వమే.

మరి ఆ తీగల్లో పారే కరెంటు ఎవరిది? పాత మాగ్నెటో ఫోన్లలో అది ఇంటివారిదే. మాట పోవడానికి పెట్టెలో బ్యాటరీ ఘటాలు ఉండేవి, గంట మోగించడానికి పక్కన చేత్తో తిప్పే పిడి. పిడి తిప్పితే ఎక్స్‌ఛేంజిలో కూర్చున్న ఆపరేటరుకు తెలిసేది. మన జిల్లాల్లోని చిన్న ఊళ్ళ పోస్టాఫీసుల్లో ఈ పిడి ఫోన్లను చూసినవారు శ్రోతల్లో ఇంకా చాలామందే ఉంటారు. తరవాత పట్నాల్లో సెంట్రల్ బ్యాటరీ పద్ధతి వచ్చింది. బ్యాటరీ ఎక్స్‌ఛేంజిలోనే ఉంటుంది, 48 వోల్టుల కరెంటు ఆ రెండు తీగల మీదే ఇంటికి వస్తుంది. ఊరంతా చీకటైనా ఫోను పలకడానికి కారణం ఇదే. తుపాను రాత్రుల్లో, వీధిలో స్తంభాలు ఒరిగినా తీగ తెగకపోతే చాలు, ఫోనులో ఆ సన్నని ఘూంకారం వినిపించేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనిపడుతుంది.

1913-14లో సిమ్లాలో దేశంలోకెల్లా మొదటి ఆటోమాటిక్ ఎక్స్‌ఛేంజి పెట్టారు. అంటే ఆపరేటరు లేకుండా, ఫోను మీది చక్రం తిప్పితే నంబరు తానే కలవడం. చక్రం చేసే పని చాలా మోటుపని. ఏడు తిప్పితే తీగలో పారే కరెంటును ఏడుసార్లు టకటక తెంచి కలుపుతుంది, అంతే. ఇక గంట మోగడానికి ఎక్స్‌ఛేంజి నుంచి సుమారు 75 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చిపడుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బెంగుళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ వెలిసింది. మనవాళ్ళ ఇళ్ళలో దశాబ్దాలపాటు చేతికుట్టు పరదా కప్పుకుని కూర్చున్న నల్లటి బరువైన ఫోన్లు అక్కడ తయారైనవే. కన్నడంలో దాన్ని దూరవాణి అన్నారు, తమిళంలో తొలైపేశి, మరాఠీలో దూరధ్వని. మనం మటుకు ఫోను అనే పిలిచి, గంట మోగగానే పరుగెత్తాం.

పల్లెలకు ఫోను రావడం ఇంకా ఆలస్యం. 1984లో సీ-డాట్ సంస్థ పుట్టింది. మన దుమ్ముకూ ఎండకూ తట్టుకునేలా, ఏసీ గది అక్కరలేని చిన్న పల్లె ఎక్స్‌ఛేంజిని ఆ సంస్థ ఇంజనీర్లు తయారుచేశారు. దాన్ని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదట నడిపి చూశారు. అయినా 1991నాటికి దేశం మొత్తానికి ఉన్న ఫోన్లు సుమారు యాభై లక్షలే. దరఖాస్తు పెట్టి ఏళ్ళూ పూళ్ళూ కాచుకుంటే గాని తీగ ఇంటి గడప తొక్కేది కాదు.

అంత కష్టపడి వచ్చిన తీగ కనక, దాన్ని ఇంట్లో సాగదియ్యడం మనకు అలవాటయింది. ఎక్స్‌ఛేంజి నుంచి భూమిలోని కేబుల్లో వచ్చి, వీధి పిల్లరు పెట్టె దాటి, స్తంభం మీది డీపీ పెట్టెకెక్కి, అక్కడినుంచి డ్రాప్ వైరుగా మన ఇంటి చూరు కింద దిగి, రోజెట్ అనే చిన్న తెల్ల పెట్టెలో రెండు మరల కింద ఆగిపోయేది. ప్రభుత్వ తీగ అక్కడితో సరి. ఆ రెండు మరల నుంచే ఇంకో జత బిగించి వంటింటి గుమ్మందాకా, ఇంకో జత పైగదికి, ఇంకోటి పక్కవాటాలో ఉండే బాబాయి గారింటికి, ఇలా కొమ్మలు వేశాం. కొందరు ఫోను తీగ దొరక్క కరెంటు వైరే లాగారు, మెలి లేకుండా. మాటకు ఇవేమీ అడ్డు కాలేదు. ఎక్కడ ఎత్తినా మాట వినిపించేది, కాకపోతే గుట్టు దాగేది కాదు.

ఎందుకు అడ్డు కాలేదంటే, మాట ఆ తీగలో ఆక్రమించే చోటు బహు కొంచెం. మనిషి గొంతు పోల్చుకోవడానికి సెకనుకు 300 నుంచి 3,400 కంపనాల దాకా పంపితే చాలునని టెలిఫోను ఇంజనీర్లు లెక్కగట్టి, అంతకే సర్దుకున్నారు. ఇది రాగి తీగకు పుట్టుకతో వచ్చిన హద్దు కాదు. పది లక్షల కంపనాలైనా అది మోస్తుంది, కాకపోతే దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. అంటే నూరేళ్ళుగా మనం పెద్ద కాలువ తవ్వుకుని దాని అడుగున చారెడు నీళ్ళు పారించుకుంటూ వచ్చామన్నమాట. ఆ పైనున్న ఖాళీని వాడుకోవాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు.

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్‌నెట్ ప్రజల వాడకానికి వచ్చింది. అప్పటి మోడెం ఆ చారెడు నీళ్ళలోనే ఈదేది. కంప్యూటరు మాటను కీచు కీచుమనే ధ్వనిగా మార్చి, మనిషి గొంతు వెళ్ళే దారిలోనే పంపేది. అందుకే డయలప్ నడుస్తున్నంతసేపూ ఫోను ఎంగేజి. ఎంత మంచి మోడెమైనా సెకనుకు 56 వేల బిట్లు దాటలేదు. దగ్గర్లో కేంద్రం లేని ఊళ్ళవాళ్ళు మొదట్లో ఎస్టీడీ చేసి కలుపుకోవలసి వచ్చేది. రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్టీడీ ఛార్జీ నాలుగో వంతుకు తగ్గేది కనక అప్పటిదాకా మేలుకుని కూర్చునేవారు. అయితే అదే వేళకు అమ్మ అవతలి రాష్ట్రంలో ఉన్న కూతురితో మాట్లాడాలని కాచుకుని ఉండేది. సరిహద్దు ఇళ్ళలో ఈ పోటీ ఎంత గట్టిదో నేను చెప్పనక్కరలేదు.

ఈ మోడెంను ఎక్కడ కలిపినా ఒకటే. వంటింట్లోనైనా పైగదిలోనైనా ఫోను పలికే చోటల్లా మోడెం పలికేది. మనకు ఆ అలవాటు మిగిలిపోయింది. తరవాత వచ్చిన చిక్కంతా అక్కడే.

అమెరికాలో బెల్‌కోర్ అనే పరిశోధన సంస్థలో జోసెఫ్ లెక్‌లైడర్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1980ల చివర్లో, తీగలోని పై ఖాళీని వాడే ప్రయత్నాలు జరుగుతుండగా, ఆయనకు చాలా సాదా ఆలోచన ఒకటి వచ్చింది. ఎక్స్‌ఛేంజి దగ్గర వందలాది ఇళ్ళ తీగలు ఒకే కట్టగా ఉంటాయి. ఇళ్ళనుంచి అలసిపోయి వచ్చే సన్నని గొంతులను, పక్క తీగల్లో అప్పుడే గట్టిగా బయలుదేరిన గొంతులు మింగేస్తాయి. రెండు దిక్కులకూ సమానమైన వేగం ఇవ్వాలనుకున్నన్నాళ్ళూ ఈ గోల తప్పదు. ఇంటికి వచ్చేది ఎక్కువ, ఇంటినుంచి పోయేది తక్కువగా పంచుకుంటే గోల తగ్గుతుందన్నాడు. ఏడీఎస్‌ఎల్ అనే పేరులో మొదటి అక్షరం చెప్పేది ఆ అసమానతనే. మొదట అనుకున్న ఉపయోగం ఇంటర్‌నెట్ కూడా కాదు, అడిగిన సినిమాను ఫోను తీగ మీద ఇంటికి పంపడం. ఆ వ్యాపారం అప్పట్లో నడవలేదు గాని తీగకు మాత్రం రెండో జన్మ వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చోఫీ బృందం, పై ఖాళీని వందలాది సన్న పాయలుగా చీల్చి, ఏ పాయ శుభ్రంగా ఉంటే దానిలో ఎక్కువ పంపే పద్ధతిని రూపొందించింది. 1999లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది.

పంపకం ఇలా ఉంటుంది. సెకనుకు 4 వేల కంపనాల లోపు మాటది. ఆ పైన కొంత ఖాళీ గట్టు. సుమారు 26 వేల నుంచి 138 వేల దాకా మన ఇంటినుంచి పోయేది. అక్కడినుంచి 11 లక్షల దాకా ఇంటికి వచ్చేది. ఒకే తీగ మీద మూడు కాలువలు. మన దేశంలో 2004 అక్టోబరులో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించారు. ఎప్పుడూ తెరిచి ఉండి, సెకనుకు 256 వేల బిట్లకు తగ్గనిదే బ్రాడ్‌బ్యాండ్ అని అందులో నిర్ణయించారు. ఇప్పుడు అది వింటే నవ్వొస్తుంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఈ సేవ మొదలుపెట్టింది. ఫోను ఎంగేజి కాకుండా ఇంటర్‌నెట్!

ఇప్పుడు హోసూరు పల్లెకు తిరిగి వెళదాం. చెరువు కింద వ్యవసాయం చేసేవారికి చెప్పనక్కరలేదు, నీరు పంచుకోవాలంటే తూము దగ్గరే పంచుకోవాలి. నాలుగు బోదెలు చీలిపోయాక చివరి మడి దగ్గర తలుపు పెట్టి లాభం లేదు. స్ప్లిటరు అనేది అటువంటి తూము తలుపు. దానికి మూడు నోళ్ళు: లైన్, ఫోన్, మోడెం. ఫోన్ నోటి నుంచి 4 వేల లోపు కంపనాలు మాత్రమే దాటగలవు. పైవాటిని అది అటు పోనివ్వదు. ఇలాంటి తలుపే అవతలి కొసన ఎక్స్‌ఛేంజిలోనూ ఉంటుంది. అక్కడ మాట ఒక యంత్రానికీ ఇంటర్‌నెట్ ఇంకో యంత్రానికీ విడిపోతాయి.

కుర్రవాడు ఈ తలుపును చివరి మడి దగ్గర పెట్టాడు. అతని మంచం పక్క ఫోను తలుపుకు అవతల ఉంది, సరే. హాల్లో ఫోను మాత్రం తలుపుకు ఇవతల, తీగకు నేరుగా తగులుకుని ఉంది. ఏడీఎస్‌ఎల్ కంపనాల్లో కొంత భాగం ఆ ఫోనులోకి పోయి గరగరమంటోంది. గంట మోగినప్పుడు, చెవిగొట్టం ఎత్తినప్పుడు తీగ స్వభావమే క్షణంలో మారిపోయి, రౌటరు తడబడి మళ్ళీ మొదటినుంచి బేరం మొదలుపెడుతోంది. దీనికితోడు ఉత్తుత్తి కొమ్మలు. ఫోను తీసేసినా గోడలో మిగిలిపోయిన తీగ ముక్క ఊరికే ఉండదు. పొడుగ్గా ఉంటే దాని కొసన తగిలిన కంపనాలు గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి అసలు కంపనాలతో కలబడతాయి. మెలి లేని కరెంటు వైరైతే రేడియో స్టేషన్ల కంపనాలను కూడా పట్టుకుంటుంది. మనం వినే మీడియం వేవ్ ప్రసారాలు ఆ మూడో కాలువ ఎత్తులోనే నడుస్తాయి మరి.

లైన్‌మన్ చేసిన పని అరగంటది. చూరు కింద తీగ దిగే రోజెట్ దగ్గర మొత్తం కొమ్మలను విడదీశాడు. వచ్చిన జతను స్ప్లిటరు లైన్ నోటికి ఇచ్చాడు. ఇంట్లోని ఫోన్ల కొమ్మలన్నిటినీ ఒక్క కట్టగా ఫోన్ నోటికి కలిపాడు. మోడెం నోటినుంచి మాత్రం కొత్త జత ఒకటి, మధ్యలో ఏ కొమ్మా లేకుండా, కుర్రవాడి గదికి లాగాడు. రౌటరు ఉన్నచోటే ఉంది, మంచం పక్కనే. మారింది పెట్టె స్థలం కాదు, చీలిక స్థలం. కొత్త తీగ లాగడం కుదరని ఇళ్ళలో ప్రతి ఫోనుకూ విడిగా చిన్న ఫిల్టరు తగిలిస్తే ఆ పని చాలావరకు జరుగుతుంది. ఒక్క ఫోను మరిచినా చెడుతుంది. పక్కవాటా బాబాయి గారి ఫోను ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

ఇంకో పొరపాటు చెప్పి ముందుకు పోతాను. రౌటరు వీపున రెండు రకాల గుంటలు ఉంటాయి. డీఎస్ఎల్ అని రాసిన చిన్నది టెలిఫోను తీగకు, పెద్దవి కంప్యూటర్లకు. ఫోను తీగ కొసన ఉండే చిన్న ప్లగ్గు పెద్ద గుంటలో కూడా వదులుగా దూరుతుంది. దూరింది కదా అని వదిలేస్తే దీపం వెలగదు, పైగా గంట కరెంటు ఆ గుంటలోకి పోయి దాన్ని కాల్చే ప్రమాదం ఉంది. ఉరుములప్పుడు గోడ ప్లగ్గు ఒక్కటే పీకి, పిడుగు వచ్చే దారైన ఫోను తీగను వదిలేసినవారి పెట్టెలు ఎన్ని పోయాయో రాయగడ, గడ్చిరోలి కొండ ప్రాంతాల శ్రోతలకు బాగా తెలుసు.

అంతా సరిగ్గా కలిపినా వేగం రాని ఇళ్ళు ఉండేవి. కారణం దూరం. ఎక్స్‌ఛేంజి నుంచి తీగ పొడవు అయిదు కిలోమీటర్లకు చేరేసరికి ఏడీఎస్‌ఎల్ ఊపిరి బిగబట్టేది. ఇక్కడే సరిహద్దు ఊళ్ళకు ఒక ప్రత్యేక బాధ. వంక దాటితే అవతలి రాష్ట్రపు ఎక్స్‌ఛేంజి కనిపిస్తూ ఉంటుంది. మన తీగ మాత్రం ఇటు తిరిగి, ఎక్కడో ఉన్న మన ఎక్స్‌ఛేంజికే పోవాలి. దీనికి భిన్నమైన ఊరు యానాం. పరిపాలన పుదుచ్చేరిది, టెలిఫోను మటుకు కాకినాడతో ఒకే కోడు, 0884. సొంత రాజధానికి ఫోను చెయ్యాలంటే ఎస్టీడీ, పక్క రాష్ట్రపు కాకినాడకు లోకల్. పటం గీసినవారి కన్నా తీగ లాగినవారికే ఊళ్ళ రాకపోకలు బాగా తెలుసునేమో అనిపిస్తుంది.

ఇప్పుడు కొన్నేళ్ళుగా గాజు తీగ, అంటే ఫైబరు, ఇళ్ళకు వస్తోంది. రాగి తీగ కనెక్షన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఫైబరు వచ్చిన ఇంట్లో పాత ప్రశ్న తలకిందులైంది. వెనక ఫోను తీగకు పెట్టెను కలిపేవాళ్ళం, ఇప్పుడు పెట్టెకు ఫోనును కలపాలి. గాజు తీగ నేరుగా పెట్టెలో దిగుతుంది. ఆ పెట్టె వెనక ఫోను గుర్తు ఉన్న గుంట ఉంటుంది. ఫోను అందులో పెట్టాలి. స్ప్లిటరు అక్కరలేదు, పాత రోజెట్‌లో ఫోను పెడితే మూగగా ఉంటుంది. పాత కొమ్మల ఫోన్లన్నీ పలకాలంటే, వీధి నుంచి వచ్చే రాగి జతను రోజెట్ దగ్గర పూర్తిగా విడదీసి, ఆ తరవాత పెట్టె గుంట నుంచి ఇంటి తీగలకు కలపాలి. విడదీయకుండా కలిపితే ఎక్స్‌ఛేంజి 48 వోల్టులు ఇటునుంచీ, పెట్టె కరెంటు అటునుంచీ ఎదురెదురుగా వచ్చి పెట్టె దెబ్బతినవచ్చు.

అయితే గాజులో కరెంటు పారదు. ఎక్స్‌ఛేంజి బ్యాటరీ ఇక మన ఫోనుకు చేరదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, పెట్టెతోబాటు ఫోనూ ఆగుతుంది. తుపాను దారిలో ఉన్న గంజాం జిల్లాలోనూ, గోదావరి పాయ ఒడ్డున యానాంలోనూ, సెల్ టవర్లు కూడా మూగబోయే రాత్రి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటే, పెట్టెకు సరిపోయే చిన్న బ్యాటరీ, మినీ యూపీఎస్ అని అమ్ముతున్నారు, అది తగిలించి పెట్టండి. పెట్టె వెనక రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపడేదే కొనండి. మాగ్నెటో ఫోను కాలంలోలాగే మళ్ళీ ఇంటి ఫోనుకు ఇంటి బ్యాటరీయే దిక్కయింది.

మొన్న ఆ హోసూరు పల్లెకు వెళ్ళినప్పుడు చూశాను. ఫైబరు అక్కడికీ వచ్చింది. చూరు కింద పాత రోజెట్ సున్నం పూతలో సగం మునిగి అలాగే ఉంది. దాని మరల్లో వీధి జత కొసలను మాత్రం ఎవరో జాగ్రత్తగా విప్పి, టేపు చుట్టి, పైకి మడిచి కట్టారు.